‘కన్యాశుల్కం’ డిజిటల్ పాఠం: ప్యాకేజీ నిర్వహణ సూత్రాల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
శాస్త్రీయ గణనకు అవసరమైన సాఫ్ట్‌వేర్‌ను కూర్చి నిలబెట్టేవారు ప్రతి ప్యాకేజీకి వెర్షన్, మూలం, ఆధారాలు, సవరణలు, బాధ్యులు అనే వివరాలను నమోదు చేస్తారు. విజయనగరంలో రూపుదిద్దుకొని రెండు కూర్పులుగా మిగిలిన గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకాన్ని కంప్యూటర్ సాయంతో పరిశోధించేటప్పుడు ఈ పద్ధతి ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ చాలదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కన్యాశుల్కం, పాఠపరిష్కరణ, స్పాక్, ప్యాకేజీ నిర్వహణ, యూనికోడ్, కళింగాంధ్ర మాండలికం, కథానిలయం.

1. ఉపోద్ఘాతం

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు తిరగరాసి రెండో కూర్పుగా వెలువరించారు. ఐదంకాల నాటకం ఏడంకాలైంది. మధురవాణి పాత్ర కథను నడిపించే స్థాయికి ఎదిగింది. నేడు లోకం చదివేదీ, రంగస్థలం మీద ఆడేదీ ప్రధానంగా ఈ రెండో కూర్పునే. మరుగున పడిన తొలి కూర్పును బంగోరెగా ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. అందువల్ల పేరు ఒక్కటే అయినా, ఆ పేరు వెనుక ఉన్న గ్రంథాలు రెండు.

అచ్చుప్రతిని చేతపట్టిన పాఠకుడికి కూర్పు వివరం మొదటి పుటల్లోనే దొరుకుతుంది. ఫైలుగా మారి చేతులు మారే పాఠం నుంచి ఆ పుటలే ముందుగా ఊడిపోతాయి. మధురవాణి సంభాషణల పరిమాణాన్ని, గిరీశం పదసంపదను యంత్రంతో లెక్కించిన పరిశోధకుడు ఏ కూర్పును లెక్కించాడో చెప్పకపోతే, ఆ ఫలితాన్ని మరొకరు సరిచూడలేరు. సరిచూడ వీలుకాని లెక్క విమర్శకు పునాది కాజాలదు. ఇదే చిక్కును శాస్త్రీయ సాఫ్ట్‌వేర్ రంగం ఎదుర్కొని, ఒక పద్ధతిని రూపొందించుకొంది.

2. స్పాక్‌లో ప్యాకేజీ స్వరూపం

స్పాక్ అనేది సూపర్‌కంప్యూటర్ల మీద శాస్త్రీయ సాఫ్ట్‌వేర్‌ను కూర్చే ప్యాకేజీ మేనేజర్. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో 2013లో దీనికి అంకురార్పణ జరిగింది. ఇందులో ప్రతి ప్యాకేజీకి పైథాన్ భాషలో రాసిన తయారీపత్రం ఒకటి ఉంటుంది. ఆ రంగంవారు దాన్ని రెసిపీ అంటారు. ఏ వెర్షన్లు లభ్యమో, మూలకోడ్ ఎక్కడిదో, తెచ్చుకొన్న ఫైలు మారలేదని తేల్చే షా-256 ముద్ర ఏదో, ఏయే ఇతర ప్యాకేజీలు ఆధారమో, మూలానికి ఏ సవరణలు చేర్చాలో ఆ పత్రం చెబుతుంది. వాడుకరి ప్యాకేజీ పేరు మాత్రమే చెప్పినా స్పాక్ మిగిలిన వివరాలన్నిటినీ నిశ్చయించి, ఆ నిశ్చయానికి ఒక గుర్తింపును కేటాయిస్తుంది. వెర్షన్ గాని, కంపైలర్ గాని మారితే గుర్తింపు మారుతుంది. ఒకే ప్యాకేజీకి చెందిన రెండు కూర్పులు ఒకదాన్నొకటి చెరపకుండా వేర్వేరు చోట్ల నిలుస్తాయి.

పత్రం ఒకసారి రాయడంతో పని ముగియదు. 2024 జూన్‌లో గణనగ్రంథాలయమైన నంపై 2.0 వెలువడినప్పుడు, నంపై 1 శ్రేణి మీద బిల్డ్ చేసిన ప్యాకేజీలు అనేకం తిరిగి బిల్డ్ కావలసి వచ్చింది. ఏ ప్యాకేజీ ఏ నంపైతో పొసగుతుందో పత్రంలో హద్దులు రాయడం నిర్వాహకుల బాధ్యత. బయటికి కనిపించని ఈ శ్రమ ఆగిపోతే నిన్న వచ్చిన ఫలితం నేడు రాదు.

3. పరికరాలు కూడా పాఠంలో భాగమే

అచ్చుపుట డిజిటల్ పాఠం కావడానికి స్కానింగు, అక్షర గుర్తింపు, దిద్దుబాటు, క్రమబద్ధీకరణ అనే దశలు దాటాలి. ప్రతి దశలోను ఒక పరికరం ఉంటుంది. ప్రతి పరికరం పాఠం మీద తన జాడను వదులుతుంది. ‘థ’, ‘ధ’ల మధ్య భేదం ఒక్క చుక్క. పాత అచ్చులో ఆ చుక్క అలికిపోతే యంత్రం ఒకదాన్ని మరొకటిగా చదువుతుంది.

యూనికోడ్‌లోనూ ఇటువంటి మెలికలు ఉన్నాయి. ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వం గుర్తుకు కింది గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. యూనికోడ్ ఆ రెండింటినీ సమానంగా పరిగణిస్తుంది. అయితే ముందుగా ఏకరూపం చేయని ప్రోగ్రాం ‘వైద్యం’ అనే మాటను రెండు వేర్వేరు మాటలుగా లెక్కిస్తుంది. కంటికి ఒక్కటే, లెక్కకు రెండు. తెలుగు కాని పదాలను ఏరివేసే జల్లెడను ‘కన్యాశుల్కం’ మీద ప్రయోగిస్తే నష్టం మరింత పెద్దది. గిరీశం మాటల్లోని ఆంగ్లం వెళ్ళిపోతుంది. దానితోపాటు ఆ పాత్ర డాంబికం, దాని మీద గురజాడ సంధించిన వ్యంగ్యం కూడా వెళ్ళిపోతాయి.

అక్షరాల అందుబాటు కూడా కాలాన్ని బట్టి మారింది. దంత్య చ, జలను సూచించే ‘ౘ’, ‘ౙ’లు యూనికోడ్‌లో 2008లో చేరాయి. అంతకుముందటి యూనికోడ్ పాఠంలో ఆ అక్షరాలు లేకపోవడం మూలంలో అవి లేవనడానికి సాక్ష్యం కాదు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి సవర భాషకు 1931లో వ్యాకరణాన్ని, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువును అందించారు. 1936లో మంగై గొమాంగో రూపొందించిన సోరా సోంపెంగ్ లిపికి యూనికోడ్‌లో స్థానం 2012లో దక్కింది. భాషకు నిఘంటువు, లిపి ఉన్నప్పటికీ కింది ఆధారం సమకూరే దాకా ఆ లిపిలో ప్రామాణికమైన డిజిటల్ పాఠం సాధ్యం కాలేదు. ప్యాకేజీ నిర్వాహకులు ఆధారాల గొలుసును కింది కొస దాకా నమోదు చేయడంలోని అంతరార్థం ఇక్కడ బోధపడుతుంది.

4. సవరణ, సంహారం

స్పాక్ పద్ధతిని సాహిత్యానికి యథాతథంగా అన్వయించడం కుదరదు. సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడిన పాత వెర్షన్‌ను వాడవద్దని హెచ్చరించి, క్రమంగా తొలగిస్తారు. 1897 నాటి ‘కన్యాశుల్కం’ 1909 నాటి కూర్పుకు లోపభూయిష్టమైన పూర్వరూపం కాదు. నాటక రచయితగా గురజాడ పరిణామాన్ని చూపే స్వతంత్ర సాక్ష్యమది. ఒకదాని వాక్యాలను మరొకదానితో ‘సరిచేస్తే’ ఏ కాలంలోనూ లేని మూడో నాటకం పుడుతుంది.

లోపం అనే భావనే ఈ రెండు రంగాల్లో భిన్నమైనది. కంపైలర్ అంగీకరించని అక్షరం ప్రోగ్రాంలో తప్పు. మాండలిక రచనలో నిఘంటువు అంగీకరించని రూపమే తరచుగా ప్రాణం. ఉత్తరాంధ్ర వాడుకలో ‘ఏటి’ అంటే ‘ఏమిటి’. ప్రామాణిక భాష కోసం తయారైన పదవిశ్లేషిణి దాన్ని ‘ఏరు’కో, సంవత్సరమనే అర్థంలోని ‘ఏడు’కో విభక్తిరూపంగా పోల్చుకొంటుంది. ‘బేగి’, ‘గుంటడు’, ‘ఒగ్గేయ్’ వంటి మాటలను అక్షరదోషాలుగా పట్టుకొనే పరికరం దిద్దుబాటు పేరిట ఒక ప్రాంతపు నాలుకను కోసినట్టే. అందువల్ల సవరణను మూలంలో కలిపివేయకుండా వేరుగా ఉంచే ప్యాకేజీ నిర్వాహకుల అలవాటు సాహిత్యానికి మరింత అవసరం. సవరణ వేరుగా ఉన్నప్పుడు దాన్ని తిరస్కరించే హక్కు రాబోయే పరిశోధకుడికి మిగులుతుంది.

5. బాధ్యుల ప్రశ్న

స్పాక్ తయారీపత్రంలో నిర్వాహకుల గుర్తింపులు రాసే వీలుంది. ఆధారం మారి బిల్డ్ విఫలమైతే ఎవరిని అడగాలో తెలుస్తుంది. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం ఇటువంటి బాధ్యతను అచ్చుసాహిత్యంలో స్వీకరించింది. కథను కేవలం శీర్షికగా చూడక, అది వెలువడిన పత్రికతోను, కాలంతోను కలిపి చూసే దృష్టి ఆ కృషిలో ఉంది. సారాంశంలో అది మూలాన్ని నమోదు చేయడమే. కారా మాస్టారు 2021లో కన్నుమూశారు. సేకరణ ఒక వ్యక్తి దీక్షతో మొదలు కావచ్చు. దాని మనుగడ మాత్రం తరువాత చేయి వేసేవారి మీద ఆధారపడుతుంది. విశ్వవిద్యాలయ పరిశోధన కొత్త సిద్ధాంత గ్రంథాలను లెక్కలోకి తీసుకొంటుంది. ఉన్న పాఠాన్ని ఏటా సరిచూసి నిలబెట్టే పనిని అదే స్థాయి పాండిత్యంగా గుర్తించనంత కాలం ఆ పనికి వారసులు దొరకడం కష్టం.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ‘కన్యాశుల్కం’ మీద యంత్రసహాయంతో చేసే ప్రతి అధ్యయనం కూర్పు సంవత్సరాన్ని, ఆధారంగా గ్రహించిన అచ్చుప్రతిని పేర్కొనాలి. పేరు ఒక్కటే చాలదు.

2. అక్షర గుర్తింపు, ఏకరూపీకరణ, పదవిశ్లేషణ పరికరాల పేర్లు, వెర్షన్లు పాఠవివరంలో భాగం కావాలి.

3. మూలపాఠాన్ని ముట్టకుండా, సవరణలను కారణాలతో వేరు పత్రంలో ఉంచాలి. మాండలిక రూపాల విషయంలో తుదినిర్ణయం భాష తెలిసిన పరిష్కర్తది, పరికరానిది కాదు.

4. సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్ పాతదాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. సాహిత్యంలో రెండు కూర్పులూ సమాన గౌరవంతో నిలవాలి. ప్యాకేజీ నిర్వహణ నుంచి నమోదు క్రమశిక్షణను స్వీకరిస్తూనే, ఈ భేదాన్ని పాటించాలి.

5. పాఠాన్ని నిలబెట్టే పనిని పరిశోధనగా పరిగణించి, దానికి బాధ్యులను నియమించడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన కార్యం.

గురజాడ తన నాటకాన్ని తానే తిరగరాశారు. ఆ మార్పుకు ఆయన పేరు, సంవత్సరం సాక్ష్యంగా ఉన్నాయి. ఆ తరువాత చేతులు మారుతూ ఫైళ్ళలో చేరిన మార్పులకు అటువంటి సాక్ష్యం లేకపోతే, రేపటి విమర్శకుడు చదివేది ఎవరి ‘కన్యాశుల్కం’ అన్న ప్రశ్నకు సమాధానం ఉండదు.