తలకట్టు

డిసెంబరు వచ్చిందంటే యలహంకలో పొద్దున్నే పాలకు బయల్దేరేవాళ్ళందరి తలల మీదా ఉన్ని టోపీలే. బెంగళూరు చలి రికార్డు 1884 జనవరి నాటి 7.8 డిగ్రీలు. అంత చలి మళ్ళీ రాలేదు గానీ, మాబోటివాళ్ళకు 15 డిగ్రీలే వణుకు. మనవరాలు ఆరున్నరకే స్కూలు బస్సు కోసం వీధి చివర నిలబడాలి. దానికో టోపీ కొని, ముందు మడత మీద పేరు కుడదామనుకున్నాను. బడిలో ఏ పేరున్నా ఇంట్లో దాన్ని మేం పిలిచేది మా అమ్మ పేరుతో: కనకమ్మ. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో మిషను మీద జాకెట్లకు డిజైన్లు వేస్తున్నాను, నాలుగక్షరాలకు ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాను.

జాకెట్ గుడ్డను బిగించినట్టే టోపీనీ ఫ్రేములో డప్పులా లాగి బిగించాను. కుట్టు ముత్యాల్లా పడింది. ఫ్రేము విప్పగానే అల్లిక తన కొలతకు తాను ముడుచుకుపోయింది. దారం ముడుచుకోదు కదా! అక్షరాల చుట్టూ ముడతలే ముడతలు. తలకట్లయితే అల్లిక గాళ్ళలో మునిగిపోయాయి. కనకమ్మలో నాలుగక్షరాలకూ తలకట్టుంది. అది పోయాక చదువుకోవడానికి ఏం మిగులుతుంది?

తప్పు నా చేతిది. మా యలహంక పాతపేటలో మరమగ్గాల చప్పుడు వింటూ బతికినదాన్ని. మగ్గం మీద పడుగు బిగువుగా ఉంటేనే పేక కుదురుగా పడుతుంది. అల్లిక తీరు వేరు. ఒకే దారం ఉచ్చులో ఉచ్చు వేసుకుంటూ పోతుంది. ఆ సడలింపు ఉంది కాబట్టే ఏ తలకైనా పడుతుంది. దాన్ని బిగించి పని చేయించుకోలేం.

రెండో టోపీకి ఫ్రేములో బ్యాకింగ్ కాగితాన్ని మాత్రమే బిగించాను. చింపే రకం కాదు, ఎన్ని ఉతుకులకైనా లోపల నిలిచి ఉండే కత్తిరింపు రకం. దాని మీద గమ్ము స్ప్రే చేసి, టోపీని లాగకుండా పరిచి, చుట్టూ టాకాలు వేశాను. పైన నీళ్ళలో కరిగే పల్చని పొర. ఉచ్చులు తెగకుండా మొద్దు మొన సూది. నా మిషనులో ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలే, తెలుగుకు మనమే పంచింగ్ చేసుకోవాలి, అంటే ఏ కుట్టు ఎక్కడ పడాలో మిషనుకు రాసివ్వాలి. తలకట్టును లావు చేశాను, మ వత్తును ఐదు మిల్లీమీటర్లకు తగ్గనివ్వలేదు. అన్నిటికీ అడుగున ముందుగా ఓ పల్చని వల కుట్టు పడేలా పెట్టాను.

ఇంకో మెలిక ఉంది. మడత పైకి తిప్పితే టోపీ లోపలివైపు బయటికొస్తుంది. కాబట్టి పేరు లోపలివైపే కుట్టాలి, అదీ తలకిందులుగా. తలకట్టు నిలబడటానికి తలకిందులు!

ఈసారి పేరు నిలిచింది. మడత మీద కనకమ్మ నిండుగా కూర్చుంది.

మిషను కుట్టుకు దారాలు రెండు. 1863లో స్విట్జర్లాండ్‌లో ఐజాక్ గ్రోబ్లి కనిపెట్టిన షిఫ్లి ఎంబ్రాయిడరీ మిషనుకు ఆ పేరు చిన్న పడవలాంటి దాని నాడె వల్ల వచ్చింది. పైన సూది దారం, కింద నాడె దారం. నా మిషనులో నాడె పని బాబిన్ చేస్తుంది. చూపులన్నీ పై దారానివి, పట్టు కింది దారానిది. కింది దారాన్ని ఎవరు చూస్తారులే అని నేనూ ఇన్నాళ్ళు అనుకున్నాను.

మర్నాడు మంచు బాగా పడింది. వీధి చివర మనవరాలు టోపీ మడతను విప్పి చెవుల మీదికి లాక్కుంది. పేరు లోపలికి పోయింది. బయటికి కనిపిస్తున్నది తెల్లటి బాబిన్ దారం, నేను వంకరటింకరగా కత్తిరించిన కాగితం, వేలాడుతున్న దారపు తోకలు.

"అవ్వా, పేరు నుదుటికి తగుల్తోంది."

"గుచ్చుకుంటోందా?"

"లేదు, గిలిగింతగా ఉంది."

సాయంత్రం చిన్న కత్తెర పట్టుకుని కూర్చున్నాను. కాగితం అంచును గుండ్రంగా కత్తిరించి, దారపు తోకలను ఒక్కొక్కటే తుంచేశాను.