లోపం పిల్లవాడిదేనా?

'మన మగపిల్లలకు చదువు అబ్బదు' అన్న మాట బయటివాళ్లు అన్నది మాత్రమే కాదు. మా దావతుల్లో మేమే అనుకున్నాం. ఇంటర్ దాకా లాక్కొచ్చి, డిగ్రీ మొదటి ఏడాదే వదిలేసి, మామూ షెడ్డులోకో గల్ఫ్ వీసా కోసమో పోయిన కొడుకుల గురించి మా అమ్మీలు కళ్లు తుడుచుకుంటూ చెప్పిన మాట అది. అమెరికాలో నల్లజాతి అబ్బాయిల గురించీ ఇదే మాట. అందుకే వాళ్ల మీద వచ్చిన ఒక పుస్తకాన్ని మా గురించే రాసినట్టు చదివాం.

'బీటింగ్ ది ఆడ్స్' 1998లో వచ్చింది. ఫ్రీమన్ హ్రబౌస్కీ మరో ఇద్దరితో కలిసి రాశారు. ఆయన కుర్చీ పండితుడు కాదు. 1963లో బర్మింగ్‌హామ్ పిల్లల ఊరేగింపులో నడిచి, పన్నెండేళ్లకే అయిదు రోజులు జైల్లో ఉన్న మనిషి. లెక్కలు చదివారు. మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీలో మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమాన్ని నిలబెట్టారు. 1989లో చేరిన మొదటి జట్టు 19 మంది, అందరూ నల్లజాతి అబ్బాయిలే. మరుసటి ఏడాది అమ్మాయిలు, 1996 నుంచి అన్ని జాతులవాళ్లూ వచ్చారు. పుస్తకం ఆ అబ్బాయిల ఇళ్లలోకి వెళ్లి తల్లిదండ్రులను అడుగుతుంది, ఎలా పెంచారని. ప్రేమ, కట్టుబాటు, పెద్ద ఆశలు, జాతి పట్ల గౌరవం, ఇరుగుపొరుగు అండ. అన్నీ నిజమే.

మా తగాదా ఇక్కడే. ముందే మంచి మార్కులతో ఏరుకున్న పిల్లల ఇళ్లవి. అంతే ప్రేమగా పెంచినా ఓడిపోయిన కొడుకు తల్లిని ఎవరు అడిగారు? ఆ పేజీలు చదివితే గెలుపు ఇంటిదీ, ఓటమీ ఇంటిదే అనిపిస్తుంది. నిజానికి ఆయన కార్యక్రమంలో అసలు పని విశ్వవిద్యాలయం చేసింది: చేరకముందే వేసవిలో కలిపి ఉంచడం, జట్టుగా చదివించడం, ఆచార్యుల ప్రయోగశాలలోకి పంపడం. పుస్తకం ఇంటిని చూపించినంతగా ఈ పనిని చూపించలేదు.

ఈ లోటు తీర్చే పని ఇంకా ముందే జరిగింది. 1970లలో బర్క్‌లీలో యూరీ ట్రైస్‌మన్ అనే లెక్కల విద్యార్థి, కాల్క్యులస్‌లో నల్లజాతి పిల్లలు ఎందుకు తప్పుతున్నారని అధ్యాపకులను అడిగారు. పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో చెప్పేవాళ్లు లేరు, డబ్బు లేదు అన్నారు. ఆయన 20 మంది నల్లజాతి పిల్లలను, 20 మంది చైనా మూలాల పిల్లలను దగ్గరగా గమనించారు. ఆ కారణాలేవీ నిలవలేదు. తేలింది వేరు. చైనా మూలాల పిల్లలు సాయంత్రం కూడి, ఒకరి జవాబులు ఒకరు దిద్దుకుంటున్నారు. నల్లజాతి పిల్లల్లో 18 మంది ఒంటరిగా చదువుతున్నారు. ట్రైస్‌మన్ వాళ్లకు వెనకబడ్డవాళ్ల ట్యూషన్ పెట్టలేదు. కష్టమైన లెక్కలిచ్చి కలిసి చెయ్యమన్నారు. జాలి కంటే ఇది ఎంత పెద్ద గౌరవమో మాకు తెలుసు.

ఇక్కడికొస్తే, 2007 చట్టం ఇచ్చిన నాలుగు శాతం మావాళ్లను కాలేజీ గేటు దాటించింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కొంత మోసింది. అయినా దేశం మొత్తం మీద ఉన్నత విద్యలో ముస్లిం విద్యార్థులు 2019-20లో 21 లక్షలుంటే, 2020-21లో 19.21 లక్షలయ్యారు. కరోనా అంటారేమో, దళిత, ఆదివాసీ, ఓబీసీల సంఖ్య ఆ ఏడాదే పెరిగింది. గేటు లోపల ఏం జరుగుతోందని ఏ కమిటీ అయినా సాయంత్రం నాలుగు తర్వాత వచ్చి చూసిందా? మా చెల్లెళ్లు నలుగురు ఒకే ఆటోలో పోయి వచ్చేవాళ్లు. పరదా పట్టింపు వల్లే అనుకోండి, దారంతా నోట్సు అప్పగించుకునేవాళ్లు. మగపిల్లవాడికి స్వేచ్ఛ ఉంది, ఆటో లేదు. ఉర్దూ మీడియం నుంచి ఇంగ్లీషు క్లాసులోకి వచ్చి, అర్థం కాలేదని అడిగితే పరువు పోతుందని నోరు మూసుకుంటాడు. మధ్యాహ్నం దుకాణం ఎలాగూ ఉంది.

మేము డిగ్రీ చదివిన రోజుల్లో ఒక లెక్చరర్ హాజరు పిలుస్తూ మా పేరు దగ్గర ఆగి, 'ఇంకా వస్తున్నావా?' అని నవ్వారు. క్లాసు నవ్వింది. ఆ రోజు నుంచి హాస్టల్ గదికి గొళ్లెం పెట్టుకుని ఆర్థికశాస్త్రం బట్టీ పట్టాం, తప్పాం. గోడ అవతలి గదిలో మరో మావాడు అదే పుస్తకంతో, అదే గొళ్లెం పెట్టుకుని కుస్తీ పడుతున్నాడని ఫలితాలొచ్చిన రోజు నోటీసు బోర్డు దగ్గర తెలిసింది.