ముప్పాతిక ఎకరం ఎటు పోయింది?

వత్సవాయిలో రైతు ‘రెండూ డెబ్బై అయిదు’ అన్నాడంటే రెండెకరాల డెబ్బై అయిదు సెంట్లు. ఇంటి పొలాల లెక్క కోసం సీ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాసుకున్న ఈ కాలమిస్టు, విస్తీర్ణానికి ఒక ఇంట్ వేరియబుల్ పెట్టి అందులో 2.75 వేశాడు. ప్రింట్ చేస్తే 2 వచ్చింది. సర్వేయరు రాలేదు, గట్టు జరగలేదు, ముప్పాతిక ఎకరం మాయం! కంపైలర్ కిమ్మనలేదు.

తప్పు దానిది కాదు. ఇంట్ అంటే పూర్ణాంకాలు మాత్రమే పట్టే గది. చుక్క తర్వాతదంతా కోసేసి మిగిలింది లోపల పెడుతుంది, 2.99 అయినా 2నే. 7ని 2తో భాగించి ఫలితాన్ని దశాంశాలూ పట్టే డబుల్‌లో వేసినా 3.0 వస్తుంది, ఎందుకంటే కోత భాగహారం దగ్గరే జరిగిపోయింది. జావా మాత్రం 2.75ను ఇంట్‌లో వేయబోతే మొండికేస్తుంది. ‘పోయేది పోనీ’ అని బ్రాకెట్లలో టైపు రాసిచ్చాకే ఒప్పుకుంటుంది. కొత్తవాళ్లకు అది చాదస్తం. పొలం పోగొట్టుకున్నవాడికి కాదు.

అసలు చిక్కు సరిహద్దులో ఉంది. వత్సవాయి మండలం దాటితే ఖమ్మం జిల్లా. ఇవతల ఎకరానికి వంద సెంట్లు, అవతల నలభై గుంటలు. కాగితం మీద 2.20 అని ఉంటే ఇక్కడ రెండెకరాల ఇరవై సెంట్లు, అక్కడ రెండున్నర ఎకరాలు. అవతలి 1.30లు రెండు కలపమంటే కంప్యూటర్ 2.60 అంటుంది, రావలసింది 3.20. క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్తేం కాదు: 4.3 ఓవర్లకు 2.4 కలిపితే 7.1.

గుంటకు రెండున్నర సెంట్లు. ఆ రెండున్నరను ఇంట్‌లో వేస్తే గుంటకు 24.2 గజాలు గల్లంతు.

1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగం విఫలమైందీ ఇలాంటి మార్పిడి దగ్గరే. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోయింది సాఫ్ట్‌వేర్. ఆ గదిలో 32,767కి మించి పట్టదు. ఏరియన్ 4 నుంచి తెచ్చిన పాత కోడు అది. అక్కడ ఆ గది సరిపోయింది.

కాలమిస్టు ప్రోగ్రామ్ ఇప్పుడు గజంలో పదోవంతును లెక్కపెడుతుంది. సెంటుకు 484, గుంటకు 1,210, రెండూ పూర్ణాంకాలే. ‘రెండూ డెబ్బై అయిదు’ అందులో 1,33,100.