వనవర్ణనకు ఒక పరీక్ష

ఉష్ణమండలారణ్యాలను దర్శించిన పాశ్చాత్యయాత్రికులలో పలువురు ఆశ్చర్యంతో ప్రారంభించి ఆశ్చర్యంతోనే ముగించారు. అట్టి రచనలలో విశేషణాలు దట్టంగా పెరుగుతాయి. అడవి మాత్రం కనబడదు. థామస్ బెల్ట్ 1874లో ప్రకటించిన ‘నికరాగ్వాలో ప్రకృతిపరిశీలకుడు’ అనే గ్రంథం ఈ దోషానికి దూరమైనది. బెల్ట్ వృత్తిచేత గనుల ఇంజనీరు. బంగారు గనులలో పనిచేస్తూనే చుట్టుపట్ల అడవిని ఓపికతో పరిశీలించాడు.

ఆ గ్రంథంలో ఒక తుమ్మజాతి చెట్టును గురించిన ఘట్టం ప్రసిద్ధమైనది. ఆ చెట్టు ముండ్లు ఎద్దుకొమ్ములవలె ఉబ్బి ఉంటాయి. చీమలు వాటిని తొలిచి లోపల కాపురముంటాయి. ఆకుకాడలపై ఊరే తేనె, చిట్టిరేకుల కొసలనుండే చిన్న గుళికలు వాటికి ఆహారం. చెట్టుపై పురుగు వ్రాలినా, పశువు మూతి పెట్టినా అవి పైబడి కుడతాయి. బెల్ట్ దృష్టిలో ఇవి చెట్టు పోషించుకొనే సైన్యం. తన తోటలో ఆ విత్తనాలు నాటి, ఈ చీమలు చేరని మొక్కలను ఆకులు కత్తిరించే వేరొక జాతి చీమలు పాడుచేయడం కూడా అతడు చూశాడు.

ఉపమానం అందమైనది. కాని అందమైనదంతా సత్యమా? చీమల శాస్త్రంలో ప్రామాణికుడైన విలియం మార్టన్ వీలర్ వంటివారు సందేహించారు. చీమలకు చెట్టు అవసరమే. చెట్టుకు చీమలతో ఏమి పని?

దీనికి సమాధానం వెదకినవాడు ఒక పరిశోధక విద్యార్థి. డానియల్ జాన్‌జెన్ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతూ మెక్సికోకు వెళ్లాడు. కొన్ని చెట్లనుండి చీమలను తొలగించి, మరికొన్నింటిని యథాతథంగా విడిచాడు. చీమలు లేని చెట్లను పురుగులు తినివేశాయి, తీగలు క్రమ్ముకొన్నాయి, ఎదుగుదల కుంటుపడింది. 1966లో వెలువడిన ఆయన వ్యాసం బెల్ట్ ఊహకు ప్రమాణం చేకూర్చింది.

ఈ రెండు రచనలను ప్రక్కప్రక్కన చదివినప్పుడు లాభనష్టాలు రెండూ తెలుస్తాయి. బెల్ట్ పుటలలో దారి ఉంది, పల్లె ఉంది, మనుష్యుల మాట ఉంది. జాన్‌జెన్ వ్యాసంలో అవి లేవు. శాస్త్రవ్యాసాన్ని అందుకు తప్పుపట్టరాదు. అయితే తన ఆశ్చర్యాన్ని తానే పరీక్షకు పెట్టి, తప్పని తేలినా అంగీకరించడానికి సిద్ధపడే నిజాయితీ అందులో ఉంది. ఉత్తమవర్ణనకు కావలసిన గుణం ఇదే.

1963లో ఉత్తర అమెరికా విశ్వవిద్యాలయాలు కోస్తారికా విశ్వవిద్యాలయంతో కలిసి ఉష్ణమండల అధ్యయన సంస్థను నెలకొల్పాయి. నాటినుండి అనేకమంది విద్యార్థులు అక్కడి అడవులలో ఈ పద్ధతినే అభ్యసించారు. ఒక ప్రశ్న వేసుకోవడం, కొద్దిరోజులు దానినే గమనించడం, కన్నది తోటివారి ముందు నిలబెట్టుకోవడం: ఇదే వారి పాఠం.

ఇందులో తెలుగు రచయితకు ఆలోచింపవలసిన సంగతి ఒకటి ఉంది. వారికి ఉష్ణమండలం పరదేశం, మనకు స్వదేశం. మన ప్రబంధాలలో వనవర్ణన తరచు వృక్షనామాల మాలిక అయింది. ఆధునిక రచనలలో అడవి ఎక్కువగా పాత్రల మనఃస్థితికి తెరగా నిలిచింది. ఏ చెట్టు దేనితో పొత్తు కలిసి బ్రతుకుతున్నదో చెప్పిన రచనలు అరుదు. మన చెరువుగట్ల నల్లతుమ్మ ఆ మెక్సికో చెట్టుతో ఒకే ప్రజాతికి చెందినది. కాని దీని ముండ్లలో ఆ చీమలు కాపురముండవు; దీని కథ వేరు. ఆ కథను చూచి వ్రాయడానికి ఎవరూ సముద్రాలు దాటి రానక్కరలేదు.