మంద పడుకున్న చేను

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో వేసవికి నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చి పడి ఉంటాయి. పత్తి కట్టె పీకేశారు, తొలకరి ఇంకా రాలేదు. దారిన పోయేవాళ్లకు చేను ఖాళీగానే కనిపిస్తుంది. పొద్దుగూకే వేళ ఆగి చూస్తే, దుమ్ము లేపుకుంటూ గొర్రెల మంద వచ్చి, చేలో ఓ మూల కట్టిన వలలోకి చేరుతుంది. మంద కట్టడమంటే ఇదే. భూమికి బలం పెట్టే పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇది.

మామూలు దిబ్బ ఎరువులో నత్రజని 0.5 శాతం దగ్గర ఉంటే, గొర్రె ఎరువులో 3 శాతం దాకా ఉంటుందని వ్యవసాయ పాఠాలు చెబుతాయి. అయితే అసలు సంగతి మూత్రం. గొర్రె వదిలే నత్రజనిలో దాదాపు సగం అందులోనే పోతుంది. దొడ్లో కట్టేస్తే అది దొడ్డి నేలలో ఇంకి వృథా అవుతుంది. చేలో పడుకోబెడితే పెంటికలతో పాటు అదీ పైరుకే దక్కుతుంది. ఎత్తే కూలీ లేదు, తోలే బండి లేదు.

కాపరి నేర్పంతా కొలతలో ఉంది. గొర్రెకు ఓ చదరపు మీటరు చోటు అనుకుందాం. ఎకరం 4,000 చదరపు మీటర్ల పైచిలుకు కాబట్టి 200 గొర్రెల మందకు 20 రాత్రుల పని. వల వదులైతే ఎరువు పలచబడుతుంది. మరీ బిగిస్తే ఒకచోటే కుప్పపడి, అక్కడ పత్తి ఆకేస్తుంది తప్ప కాయ పట్టదు. అందుకే రోజూ గుంజలు పీకి, నిన్నటి అంచుకు ఆనించి ఇవాళ్టి వల కడతాడు. వాలు చేలో మెరక వైపు ఓ రాత్రి ఎక్కువ ఉంచుతాడు. పల్లానికి వానే మోసుకుపోతుంది కదా.

తెల్లవారుజామున చూడాలి అతని ఓపిక. గొర్రె లేచి నిలబడగానే మూత్రం పోస్తుంది, పెంటికలు వేస్తుంది. లేవగానే వల తీస్తే అదంతా దారి పాలే. కాపరి నోటితో అదిలించి మందను లేపుతాడు గాని, వల జోలికి పోడు. కర్ర మీద గడ్డం ఆనించి నిలబడతాడు. టపటపమనే చప్పుడు ఆ కొస నుంచి ఈ కొసకు పాకి సద్దుమణిగాకే వల తీస్తాడు.

ఆ తర్వాతి పని రైతుది. నల్లరేగడిది క్షార గుణం. మూత్రంలోని నత్రజని ఎండకు అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. మంద లేచిన చోట ముక్కుకు ఘాటుగా తగిలే వాసన అదే. అందుకని ఆలస్యం లేకుండా పైపైన గుంటక తోలాలి. లోతుగా దున్నే పని లేదు. రేగడి నెర్రెలే పెంటికల్ని మింగి, వానకు ఉబ్బి మూసుకుంటాయి.

ఇందులో ఓ ఇబ్బందీ ఉంది. సర్కారు తుమ్మ కాయలు మేసిన మంద అయితే, గింజలు అరగకుండా పెంటికల్లో దిగి చేలో మొలుస్తాయి. తెలిసిన రైతు మంద ఎక్కడ మేసి వచ్చిందో ముందే అడుగుతాడు.

దక్షిణ ఇంగ్లండులోనూ పగలు గుట్టల మీద మేపి, రాత్రి చేలలో మంద కట్టడం శతాబ్దాల పాటు సాగింది. ఇక మన దగ్గరికొస్తే, 2024లో గుల్బెంకియన్ బహుమతి పంచుకున్న ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి జీవామృతం చేయమంటోంది. మంచి మాట. ఆ వరసలో ఈ కాపరికీ పీట వేయాలని నా కోరిక. బీళ్లు తరిగి మేపు దొరక్క మందలు అమ్ముకునేవాళ్లను చూస్తే గుండె కలుక్కుమంటుంది.

వానలు పడ్డ నెలకు ఓ చేని గట్టు మీద నిలబడ్డాను. పైరంతా ఒకే ముదురు పచ్చ, ఒక్కచోట మాత్రం మూరెడు వెడల్పున లేత చార. చేను గలాయన వేలు పెట్టి చూపించాడు: "ఆ రాత్రి పెద్దాయన పెండ్లికి పోయినాడు సార్, వల కొడుకు కట్టినాడు."