అమ్మ రుణం నుంచి లోకహితం దాకా

కన్నవారిని, కట్టుకున్నదాన్ని విడిచి వెళ్లిన రాకుమారుడు చెప్పిన ధర్మంలో మాతాపితరుల సేవకు చోటెక్కడిదని చాలామంది అడుగుతారు. బౌద్ధం చైనాకు చేరినప్పుడు కన్‌ఫ్యూషియస్ అనుయాయులు కూడా ఈ ఆక్షేపణే చేశారు. తల్లిదండ్రులిచ్చిన దేహాన్ని పదిలంగా కాపాడుకోవాల్సిన కొడుకు తల గొరిగించుకుని, వంశం నిలపకుండా వెళ్లిపోవడం ద్రోహమన్నారు. తోసిపుచ్చదగ్గ మాట కాదది. అయితే బౌద్ధ గ్రంథాలను, సాధన పద్ధతులను దగ్గరగా పరిశీలిస్తే మరో సంగతి తేటపడుతుంది. లోకమంతటి మేలు కోరే మనసును బౌద్ధం కన్నవారి పట్ల కృతజ్ఞతలోంచే పెంచి పోషించింది.

ముందు పాలి గ్రంథాలు చూద్దాం. గృహస్థ ధర్మాలు చెప్పే సిగాలోవాద సుత్తం తూర్పు దిక్కును తల్లిదండ్రులకు కేటాయించింది. వారిని పోషించడం, వారి పనులు చక్కబెట్టడం, వంశ మర్యాద నిలపడం, వారసత్వానికి తగినట్టు నడుచుకోవడం, గతించాక వారి పేర దానం చేయడం అని బిడ్డలకు 5 విధులు చెప్పింది. అంగుత్తర నికాయం ఇంకా ముందుకు వెళ్లింది. తల్లిని ఒక భుజాన, తండ్రిని మరో భుజాన మోస్తూ నూరేళ్లు సేవ చేసినా ఆ రుణం తీరదంటుంది. వారిని శ్రద్ధ, శీలం, దానం, ప్రజ్ఞల వైపు నడిపించినప్పుడే తీరుతుందంటుంది. సన్యాసులకు కూడా ఈ బంధం పూర్తిగా తెగలేదు. తన కొడుకు రాహులుడి ప్రవ్రజ్య (సన్యాస దీక్ష) తర్వాత, తన తండ్రి శుద్ధోదనుడి కోరిక మేరకు, తల్లిదండ్రుల అనుమతి లేనిదే ఎవరికీ దీక్ష ఇవ్వరాదని బుద్ధుడు నియమం పెట్టాడు. తనకు దక్కిన వస్త్రాలను భిక్షువు తల్లిదండ్రులకు ఇవ్వడాన్ని కూడా భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకం అనుమతించింది.

ఈ కృతజ్ఞతను సాధనగా మలచిన ఘనత టిబెట్ సంప్రదాయానిది. 1042లో టిబెట్‌కు వెళ్లిన విక్రమశిల ఆచార్యుడు అతీశుని పరంపరలో 7 అంచెల ధ్యానం ఒకటి ఉంది. 1402లో టిబెట్ గురువు చోంఖాపా తన బృహద్గ్రంథంలో దాన్ని విపులంగా వివరించాడు. ఆ 7 అంచెలకు ముందు మిత్రుడు, శత్రువు, ఏమీ కానివాడు అనే భేదాన్ని తగ్గించుకుని మనసును సమం చేసుకోవాలి. ఆపైన ప్రతి ప్రాణీ ఏదో జన్మలో తనకు తల్లి అని గుర్తించడం, ఆ తల్లి చేసిన మేలు తలచుకోవడం, తిరిగి మేలు చేయాలని కోరుకోవడం వరుసగా వస్తాయి. వాటి నుంచి మైత్రి, మైత్రి నుంచి కరుణ, కరుణ నుంచి ఈ భారం నాదే అనే సంకల్పం, చివరికి అందరి మేలు కోసం బుద్ధత్వం పొందాలనే బోధిచిత్తం పుడతాయి. మేలు తలచుకోవడం ఈ జన్మలోని కన్నతల్లితోనే మొదలవుతుంది. మోసింది, పాలిచ్చింది, మలమూత్రాలు ఎత్తింది, నడక నేర్పింది అని ఒక్కొక్కటే గుర్తుచేసుకోవాలి. ఆ భావన గట్టిపడ్డాకే తండ్రికి, బంధువులకు, ముక్కూమొహం తెలియనివారికి, చివరికి శత్రువులకు విస్తరించాలి. ఈ పద్ధతి బలమంతా ఈ వరుసలోనే ఉంది. లోకాన్ని ప్రేమించమని ఒక్కసారిగా ఆదేశిస్తే మనసుకు పట్టు దొరకదు. ఎరిగిన ప్రేమ నుంచి ఎరగని మనిషి దాకా తీసుకెళితే నడవగలుగుతుంది.

పునర్జన్మను నమ్మనివారికి ఇదెలా పనికొస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. తల్లి ఒక్కతే కాదు, మంత్రసాని, రైతు, నేతగాడు, పంతులు అందరూ కలిస్తేనే ఒక పసిబిడ్డ మనిషయ్యాడన్నది మాత్రం నమ్మకంతో పనిలేని నిజం. ఆ రుణాన్ని గుర్తించినా సాధన సాగుతుంది. తల్లి చేత బాధలు పడ్డవారి మాటేమిటన్నది ఇంకా బరువైన ప్రశ్న. అలాంటివారు తమను ప్రేమగా సాకిన మరొకరిని తలచుకోవచ్చని ఈ కాలపు టిబెట్ గురువులు చెబుతారు. లోకహితం పేరు చెప్పి ఇంట్లో ముసలివాళ్లను గాలికొదిలేసే ప్రమాదం లేదా? ఉంది. కానీ అలా చేసినవాడు ఈ సాధనలో తొలి అంచె కూడా ఎక్కనట్టే.

ఇంటి ప్రేమకూ లోకహితానికీ పొసగదనుకునేవారికి మన నేల మీదే సమాధానం ఉంది. 3వ శతాబ్దిలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో, బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనం భర్తను, తల్లిదండ్రులను, తోబుట్టువులను పేరుపేరునా తలచి, చివరికి సర్వలోక హితసుఖాలను కోరింది. సొంత తల్లి పేరు, సమస్త లోకం మేలు ఒకే రాతిపై నిలిచాయి. మనం కూడా అదే వరుసలో మొదలుపెట్టాలి: ముందు ఇంట్లో ఉన్న పెద్దవారికి చేయవలసింది చేసి, అక్కడ అలవడిన ఓర్పును వీధిలోని అపరిచితుడికి కూడా అందిద్దాం.