ఎండని చేప నేర్పే చదువు

ఏడు చేపల కథ వినని తెలుగు పిల్లలు అరుదు. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండదు. ఎందుకని అడిగితే చేప గడ్డిమోపు మీద, గడ్డిమోపు ఆవు మీద, ఆవు కాపరి మీద నెపం నెడతాయి. అలా మారుతూ పోయి, చివరికి పుట్టలో వేలు పెట్టిన పసివాణ్ణి కుట్టిన చీమ దగ్గర గుట్టు తేలుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ నీళ్లతో వరి పండే సూర్యాపేట జిల్లా చిలుకూరు, కోదాడ పల్లెల పిల్లలకు గడ్డి, ఆవు, చీమ రోజూ కళ్లముందు ఉండేవే. ఒకటో తరగతిలో ఆడించడానికి ఇది చక్కని కథ.

టీచరు మొదట కథంతా చెప్పాలి, పిల్లలు ఊ కొట్టాలి. రెండోసారి ప్రశ్న దగ్గర ఆగాలి. జవాబు పిల్లలే అందుకుంటారు. మూడోసారి పాత్రలు పంచాలి. ఒక పిల్ల చేపై నేలమీద పడుకుంటుంది. ఇద్దరు చేతులు కలిపి అడ్డం నిలబడితే గడ్డిమోపు. మిగతా తరగతంతా ఒక్క గొంతుతో ఎందుకని అడుగుతుంది. ఒక్కో పాత్రకు జవాబు ఒక్క మాటే కాబట్టి, నలుగురిలో నోరు విప్పడానికి జంకే పిల్ల కూడా ధైర్యం చేస్తుంది. మర్నాడు పాత్రలు మారిస్తే అందరికీ కథంతా నోటికొస్తుంది.

ఈ కిటుకు మన జానపద కళాకారులు ఏనాడో పట్టుకున్నదే. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా వంతలుంటారు. వాళ్లు తందాన తాన అంటూ వంత పాడతారు, మధ్యలో జనం తరఫున సందేహాలు అడుగుతారు. ఒగ్గుకథకుడు కథ చెబుతూనే మాట, నడక మార్చి పాత్ర అయిపోతాడు.  తెలంగాణ సాయుధ పోరాట కాలంలో చదువురాని జనానికి ఉద్యమాన్ని చేరవేసినవాటిలో బుర్రకథలు, గొల్లసుద్దులు ముందున్నాయి. పెద్దల్ని కదిలించిన ఆ పద్ధతి పిల్లలకూ అంతే పనికొస్తుంది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి పాటలతో, నాటికలతో తెలుగు పిల్లల్ని అలరించారు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా కథను తరగతి గదిలో చదువుకు ముఖద్వారం చేశారు.

ఆట అయ్యాక అసలు పాఠం మొదలవుతుంది. చేప, ఆవు, చీమ అని బోర్డు మీద రాస్తే, తాము ఆడిన పాత్ర పేరును పిల్లలు ఇష్టంగా గుర్తుపడతారు. కథను వెనక నుంచి చెప్పించాలి. ఏది ముందు, ఏది తర్వాత, దేనివల్ల ఏది జరిగిందో అప్పుడు బోధపడుతుంది. నీతి మాత్రం టీచరు చెప్పకూడదు. తప్పెవరిదని అడిగి ఊరుకోవాలి. చీమదని ఒకరు, పుట్టలో వేలు పెట్టిన పిల్లాడిదని ఒకరు, పిల్లాణ్ణి పట్టించుకోనివాళ్లదని మరొకరు వాదిస్తారు. తన మాటకు కారణం చూపడం అక్కడే అలవాటవుతుంది.

తెలంగాణ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. చదవడం, రాయడం, లెక్కల పునాది గట్టిచేయడం దాని పని. వారానికి ఒక్క పీరియడైనా కథ ఆడించడానికి కేటాయిస్తే ఆ పునాదికి మాట కూడా తోడవుతుంది. దీనికి ఖర్చు లేదు, సామగ్రి అక్కర్లేదు. పిల్లలతోపాటు నేలమీద కూర్చుని, వాళ్ల జవాబు కోసం ఓపిగ్గా ఆగే టీచరు ఉంటే చాలు.